తెజుకా ‘బుద్ధ’ ఎనిమిది సంపుటాలు: కొనేముందు తిరుపతి నుంచి ఒక పాఠకుడి మాట

జపాన్ చిత్రకథకుడు ఒసాము తెజుకా 1972 నుంచి 1983 దాకా ధారావాహికగా గీసిన ‘బుద్ధ’ ఇంగ్లీషు అనువాదంలో ఎనిమిది సంపుటాలుగా దొరుకుతున్నది. తిరుపతిలో నేను వెతికిన దుకాణాల అరలలో పోటీ పరీక్షల పుస్తకాలకూ భక్తి గ్రంథాలకూ పోగా ఇటువంటి బొమ్మల కథలకు చోటు మిగల్లేదు కాబట్టి, సెట్టును ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసి వచ్చింది. అన్నీ కలిపి సుమారు మూడు వేల పుటలు; మధ్యతరగతి ఇంట్లో ఆలోచించి పెట్టవలసిన ఖర్చు. బుద్ధుని చరిత్ర తెలుసుకోవడమే ఉద్దేశమైతే ఇంత ఖర్చు అక్కరలేదు, అందుకు మంచి తెలుగు పుస్తకాలు చవకగానే ఉన్నాయి. కాగితం మీది బొమ్మలతో కాలాన్ని నడిపించడమెలాగో కనిపెట్టిన ఒక కళాకారుని పనితనాన్ని దగ్గర నుంచి చూడదలచినవారు మాత్రం కనీసం మొదటి సంపుటమైనా కొనాలి.

తెజుకా 1928లో ఒసాకా దగ్గరి తొయొనాకాలో పుట్టి, తకరజుకా పట్టణంలో పెరిగారు. తండ్రి దగ్గర సినిమా ప్రొజెక్టరు ఉండేది. ఊళ్లో పురుష పాత్రలను కూడా స్త్రీలే ధరించే ప్రసిద్ధ నాటక సంస్థ ఉండేది. పురుగుల మీద ఆయనకు ఎంత ఇష్టమంటే తన కలం పేరులో పురుగును సూచించే లిపి సంకేతాన్ని చేర్చుకున్నారు. ఒసాకా మీద బాంబులు కురిసిన రోజులను కళ్లారా చూసిన ఆయన, యుద్ధానంతరం వైద్యవిద్య చదువుతూనే బొమ్మల కథలు గీశారు. 1961లో వైద్యశాస్త్రంలో డాక్టరేటు పొందారు గాని, వృత్తిగా చేపట్టినది మాత్రం బొమ్మలనే. 1963 జనవరి 1న మొదలైన ఆయన ‘ఆస్ట్రో బాయ్’ ధారావాహిక జపాన్ టెలివిజన్ యానిమేషన్‌కు దారి వేసింది. దాని కోసం ఆయన నడిపిన స్టూడియో 1973లో దివాలా తీసింది. ఆ కష్టకాలంలోనే ఒకవైపు ‘బుద్ధ’ సాగుతుండగా, మరోవైపు లైసెన్సు లేని శస్త్రవైద్యుని కథ ‘బ్లాక్ జాక్’ మొదలుపెట్టారు. 1989 ఫిబ్రవరి 9న క్యాన్సర్‌తో మరణించేనాటికి ఆయన వయస్సు 60 ఏళ్లు. గీసిన పుటలు లక్షకు పైమాటే.

ఆయన తెచ్చిన కొత్తదనమేమిటో తెలియాలంటే 1947కు వెళ్లాలి. ఆ ఏడాది మొదట్లో ఆయన బొమ్మలతో వెలువడిన ఒక సాహసకథ, కారు నడుపుకుంటూ రేవుకు పరుగుతీసే కుర్రవాడితో మొదలవుతుంది. రోడ్డు, చక్రాలు, కుర్రవాడి ముఖం, మళ్లీ రోడ్డు. సినిమా కెమెరా దగ్గరకూ దూరానికీ జరిగినట్టుగా ఒక చిన్న ప్రయాణాన్నే ఆయన గడులు గడులుగా సాగదీశారు. అదే ఏడాది జులైలో మద్రాసులో ‘చందమామ’ పుట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. చందమామ బొమ్మ కథలోని అతి ముఖ్యమైన క్షణాన్ని ఎంచుకొని, దానిని నిండుగా నిలబెడుతుంది. కథ నడిపే భారమంతా కింది అక్షరాలది. మన శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణం గడులుగానే ఉంటుంది, కింద తెలుగులో వివరణ కూడా ఉంటుంది, అయినా ఒక గడికీ మరో గడికీ నడుమ ఒక ఘట్టమే గడిచిపోయి ఉంటుంది. తెజుకా గడుల మధ్య గడిచేది రెప్పపాటు కాలం. శిల్పమూ చిత్రకళా ఎరిగిన మన ప్రాంతపు పాఠకుడికి ఇందులో ఏది తక్కువ, ఏది ఎక్కువ అన్న ప్రశ్న రానక్కరలేదు. మన పద్ధతి కన్ను నిలిచి చూడడానికి, ఆయన పద్ధతి కన్ను పరుగెత్తడానికి.

మొదటి సంపుటం ఆరంభమే ఇందుకు సాక్ష్యం. మంచులో కూలిపోయిన ముసలి సన్యాసి కోసం ఎలుగుబంటి, నక్క ఆహారం తెస్తాయి. ఏమీ తేలేని కుందేలు మంట వేయమని సైగచేసి, అందులోకి దూకుతుంది. ఆకాశంలోని చంద్రుడి మీద కుందేలు ఎలా వచ్చిందో చిన్నప్పుడు విన్న వారందరికీ తెలిసిన జాతక కథే ఇది. అయితే ఇక్కడ చాలా భాగం మాటలు లేకుండానే నడుస్తుంది. దూకబోయే ముందు కుందేలు ఆగడం, వృద్ధుడు కళ్లు పెద్దవి చేయడం, ఆ తరువాతి నిశ్శబ్దం, వీటిలో ప్రతిదానికీ విడిగా చోటు కేటాయించడం వల్ల కథ తెలిసినవాడు కూడా పుట తిప్పడానికి తటపటాయిస్తాడు. ఈ కొద్ది పుటల కోసమే సంపుటం ఖరీదు పెట్టవచ్చునని నా నమ్మకం.

ఆ తరువాత కథానాయకుడి కోసం ఎదురుచూసేవారు ఓపిక పట్టాలి. సంపుటంలో చాలా భాగం గడిచేదాకా సిద్ధార్థుడు పుట్టనే పుట్టడు. ఆ చోటంతా బానిస కుర్రవాడు చాప్రాకూ, జంతువుల మనస్సులోకి ప్రవేశించగల అంత్యజ బాలుడు తత్తకూ దక్కుతుంది. ఈ ఇద్దరూ ఏ బౌద్ధ గ్రంథంలోనూ లేరు, తెజుకా కల్పించిన వారు. వైద్యుడిగా చదివిన మనిషి ఆలోచన ఎలా ఉంటుందో తెలియాలంటే నరదత్తుని కథ చూడాలి. ఒక మనిషి ప్రాణం నిలపడానికి అనేక జంతువుల ప్రాణాలు పోవడానికి కారకుడైన ఈ శిష్యుడిని గురువు అసితుడు మృగంలా బతకమని శపిస్తాడు. నాలుగు కాళ్ల మీద పాకుతూ అతడు తరువాతి సంపుటాలలో కూడా ఎదురవుతుంటాడు. ఏ ప్రాణం విలువ ఎంత అన్న ప్రశ్నకు పుస్తకం తేలిక సమాధానం ఇవ్వదు, ప్రశ్నను మాత్రం వదిలిపెట్టదు.

ఒక నాటక సమాజంలోని నటుల్లాగా, తెజుకా పాత్రల రూపాలు ఒక కథ నుంచి మరో కథకు వేషం మార్చుకొని వస్తుంటాయి. తాను చనిపోయే రోజు ముందే తెలిసిన అస్సజి అనే బాలుని రూపం ఆయన మరో చిత్రకథలోని కుర్రవాడిదే. సంప్రదాయంలో అస్సజి బుద్ధుని తొలి ఐదుగురు శిష్యులలో ఒకడు. ఇక్కడ చీమిడి ముక్కు పిల్లవాడిగా నవ్వించి, చివరకు తనంతట తానే మృగాలకు ఆహారమై మొదటి సంపుటంలోని కుందేలును గుర్తుచేస్తాడు. అన్ని మార్పులూ ఇంత ఫలించలేదు. గంభీరమైన ఘట్టం నడుమ ఆధునిక వస్తువుల పేర్లు దూరడం, బెరే టోపీతో కళ్లద్దాలతో రచయితే గడిలోకి తొంగిచూడడం జపాన్ పాఠకునికి అలవాటైన చమత్కారాలు కావచ్చు, నాకు మాత్రం చాలాచోట్ల రసభంగంగానే తోచాయి. అనువాదం కూడా వీధి ఇంగ్లీషులో ఉండడం వల్ల మగధ రాజులు అప్పుడప్పుడు అమెరికా కుర్రవాళ్లలా మాట్లాడతారు. మధ్య సంపుటాలలో యుద్ధాలు, పగలు, ప్రతీకారాలు ఎక్కువై సిద్ధార్థుడు పక్కకు జరిగిపోతాడు. అక్కడ కొంత వేగంగా చదివాను.

పిల్లలకు కొనేవారికి ఒక హెచ్చరిక అవసరం. బొమ్మలు గుండ్రంగా ముద్దుగా ఉన్నాయని మోసపోకూడదు. నగ్నత్వం, హత్యలు, చిత్రహింసలు దాపరికం లేకుండా ఉన్నాయి. ముప్పై రెండు పుటల అమర్ చిత్ర కథ చదివే వయస్సు వారికి ఇది తగదు. పదిహేనేళ్లు దాటినవారికి ఇవ్వవచ్చు, అది కూడా పెద్దలు ముందు చదివాక. పూజగదిలో పెట్టుకునే పుస్తకం కూడా కాదు, చరిత్రకు ప్రమాణమూ కాదు.

ముద్రణ నలుపు తెలుపులలోనే ఉంది. జపాన్‌లో కుడి నుంచి ఎడమకు చదివే పుటలను అద్దంలో చూసినట్టు తిప్పి, ఎడమ నుంచి కుడికి చదివే పద్ధతిలో ముద్రించారు కనుక మాంగా అనే జపాన్ బొమ్మల కథలకు కొత్తవారికి ఇబ్బంది ఉండదు. బుడగలలోని అక్షరాలు చిన్నవి, చత్వారం వచ్చినవారు కళ్లద్దాలు దగ్గర పెట్టుకోవాలి.

బొమ్మలు నేర్చుకునేవారికి, ముఖ్యంగా తిరుపతిలో తితిదే నిర్వహించే సంప్రదాయ శిల్పకళా సంస్థలో కలంకారీ అభ్యసించే విద్యార్థులకు, ఈ సెట్టు గ్రంథాలయాలలో అందుబాటులో ఉంటే ఎంతో మేలు. సొంతంగా కొనేవారు ఒకేసారి ఎనిమిదీ తెప్పించుకోవద్దు. మొదటిది చదివి, అది నచ్చితే రెండోది కొనండి. మూడో సంపుటం దగ్గర విసుగు పుట్టితే అక్కడే ఆపకుండా అస్సజి కథ దాకానైనా వెళ్లండి. ఆ తరువాత కూడా మనస్సు నిలవకపోతే మిగిలిన డబ్బుతో ‘బ్లాక్ జాక్’ కొనుక్కోవడం మేలు, అందులో ఏ కథకు ఆ కథ పూర్తవుతుంది.