డీఎస్సీతో ఆరేళ్లు, అతుక్కుపోయిన ఒక మూస

డీఎస్సీ మీద పని చేస్తున్నానంటే మా బంధువులు ఇప్పటికీ టీచరు పోస్టుకు చదువుతున్నాననే అనుకుంటారు. నాది డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటర్, 1,500 డిగ్రీల దాకా వెళ్లే రకం. వికారాబాద్ వైపు నుంచి తెచ్చిన దక్కను నల్లరాతిని కరిగించి, నీళ్లలో పోసి గాజుగా మార్చి, ఆ గాజు ఎంత వేడి తీసుకుంటుందో దీంతో కొలుస్తుంటాను.

మొదటి ఏడాది దీన్ని అడిగినవారి దగ్గరా అడగనివారి దగ్గరా పొగిడాను. క్వార్ట్జ్ పొడి వేస్తే 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారుతుంది. అప్పుడు తెర మీది గీతలో వచ్చే శిఖరం ఏ రోజు చూసినా అక్కడే ఉండేది. గాజు మెత్తబడే ముందు విశిష్టోష్ణం, అంటే ఒక డిగ్రీ వేడెక్కడానికి కావాల్సిన వేడి, ఒక మోల్ పరమాణువులకు 25 జౌళ్ల దగ్గరికి చేరడం, అంటే డిగ్రీలో చదివిన డ్యూలాంగ్-పెటీ నియమం తెర మీద కనబడడం, నాకు పండగలా ఉండేది. ముందు ఖాళీ మూస (నమూనా వేసే చిన్న గిన్నె), తర్వాత పోల్చుకోవడానికి విశిష్టోష్ణం ముందే తెలిసిన నీలమణి బిళ్ల, ఆ తర్వాత నమూనా అంటూ ఒకే పనిని మూడుసార్లు చేయాల్సి వచ్చినా విసుగు అనిపించలేదు.

మూడో ఏడాది కరిగే వేడిని కూడా కొలుద్దామనిపించింది. వేడెక్కుతూ గాజు ముందు స్ఫటికాలుగా మారుతుంది, ఆ తర్వాతే కరుగుతుంది. 1,350 దాకా తీసుకెళ్లి గంటసేపు ఉంచాను. గీత అందంగా వచ్చింది. మర్నాడు పొద్దున మూసను పట్టకారుతో ఎత్తబోతే రాలేదు. మూసా ప్లాటినమే, అది కూర్చున్న సెన్సర్ తలమూ ప్లాటినమే. అంత వేడిలో రెండూ ఒకదానిలోకి ఒకటి పాకి, కంసాలి అతికినట్టు అతుక్కుపోయాయి. కొంచెం కదిపి చూద్దామనుకున్నాను. ఉష్ణోగ్రత కొలిచే వెంట్రుకంత థర్మోకపుల్ తీగ పుటుక్కుమంది. మధ్యలో పలుచటి నీలమణి బిళ్ల పెట్టాలని చేతిపుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉందట. అమర్చడానికి వచ్చిన మనిషి రెండు రోజులు కాఫీలు తాగాడు గానీ ఆ ఒక్క మాట చెప్పలేదు. కొత్త సెన్సర్ వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది, నా కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు బిళ్ల పెట్టే వాడుతున్నాను. అయితే దాని వల్ల స్పందన మొద్దుబారింది, శిఖరాలు వెడల్పయ్యాయి, క్యాలిబ్రేషన్ అంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. నేను పొగిడిన ఆ ఖచ్చితత్వం వెయ్యి డిగ్రీల లోపుదే అని ఇప్పుడు ఒప్పుకుంటాను. పైగా కరిగిన రాతిలోని ఇనుము కొంత ప్లాటినంలోకి పోతుంది. చివరికి కొలిచింది నేను మూసలో వేసిన రాయినేనా అన్న అనుమానం మిగులుతుంది.

గాజు మెత్తబడే చోటు వరకే మీ పనైతే, మా నల్లరాతికి అది 650-700 మధ్య, నేను మళ్లీ దీన్నే కొంటాను. కరిగిన మాగ్మానే కొలవాలంటే డ్రాప్ కెలోరిమీటర్ (వేడి నమూనాను లోపలికి జారవిడిచి, అది వదిలే వేడిని కొలిచే పరికరం) ఉన్న చోటు వెతుక్కోండి. నాకైతే అది అందుబాటులో లేదు, మా గ్రాంటు కూడా వచ్చే మార్చితో అయిపోతుంది. అందుకే వచ్చే వారం మళ్లీ బిళ్ల పెట్టుకుని 1,250 దగ్గర ఆపి చూడబోతున్నాను.