చేపలన్నీ పంపు ముందే ఉన్నాయా? కొనకండి, నాలా మోసపోకండి

మొన్న రాత్రి నా చివరి క్లౌన్‌ఫిష్ కూడా పోయింది. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఎవరి గురించో ఉప్పునీళ్ల చేపలు పెంచేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ప్రతి మాటకీ "మనం మనం ఒకటి సార్" అంటూ, వారానికో వీడియో పెట్టే చేపల దుకాణం ఆయనే. పేరు రాయను. ఐదు క్రోమిస్‌లు, అంటే గుంపుగా తిరిగే చిన్న సముద్రపు చేపలు, కావాలని వెళ్లాను. మిగతా వివరాలు అనవసరం, అసలు విషయానికి వస్తా.

ట్యాంకు ముందు నిలబడగానే నాకు తేడా కొట్టింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నాకు ముందే తేడా కొట్టింది! ఏడు క్రోమిస్‌లు, ఒక చిన్న టాంగ్, ఒక గోబీ. అన్నీ కుడివైపు మూలన, పంపు నీళ్లు చిమ్మే చోట, ఒకే దిక్కుకి ముఖం పెట్టి నిలబడ్డాయి. మిగతా ట్యాంకంతా ఖాళీ. రాళ్ల దగ్గర ఒక్క చేప లేదు. పోనీ క్రోమిస్ అంటే సరే, గోబీకి పైన ఏం పని? ఇసుకలో బొరియ చేసుకుని తల మాత్రం బయట పెట్టుకుని కూర్చునే చేప అది. అలాంటిది అద్దానికి పొట్ట ఆనించి, నీటి పైఅంచు దాకా వచ్చి వేలాడుతోంది.

"ఏంటండీ, అన్నీ అక్కడే చేరాయి?" అని అడిగాను.

"అలలంటే వాటికి ఇష్టం సార్. ఆడుకుంటున్నాయి."

ఇందులో సగం నిజం ఉంది, నేను బోల్తా పడింది అక్కడే. సముద్రంలో క్రోమిస్‌లు నిజంగానే కొమ్మల పగడాల మీదుగా గుంపుగా తేలుతూ, ప్రవాహానికి ఎదురుగా నిలబడి, కొట్టుకొచ్చే సన్నటి ప్లాంక్టన్‌ని ఏరుకుని తింటాయి. కానీ ఏదైనా నీడ కదిలిందంటే చాలు, గుంపు గుంపంతా పగడం కొమ్మల్లోకి దూరిపోతుంది. నేను అద్దం ముందు చెయ్యి ఊపాను. ఒక్కటీ కదల్లేదు. మొప్పలు మాత్రం ఆగకుండా టపటపా కొట్టుకుంటున్నాయి.

అప్పుడు ఫోన్ తీసి టార్చి వెలిగించాను. పక్కనుంచి వాలుగా వేసి ఒళ్లు చూద్దామని. టక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. అరచెయ్యి మొత్తం లైటు మీద పెట్టేశాడు. వేళ్ల సందుల్లోంచి ఎర్రగా వెలుగు రావడం ఇంకా నా కళ్ల ముందే ఉంది.

"లైటు వద్దు సార్, బెదురుతాయి. మీరూ పెంచేవాళ్లే కదా, ఆ మాత్రం తెలీదా?"

నేనేం చేశానో తెలుసా? సారీ చెప్పాను. వాడికి! టార్చి ఆపేసి, ఫోన్ జేబులో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా పక్కకి జరిగాను. చెయ్యి ఊపితేనే కదలని చేపలు లైటుకి ఎందుకు బెదురుతాయని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నా ట్యాంకు ఈ పాటికి నిండుగా ఉండేది. ఆయనకి మాత్రం అంతా తెలుసు. తెలియకపోతే చెయ్యి అంత వేగంగా రాదు.

"మా దగ్గర మూడు వారాలు క్వారంటైన్‌లో ఉన్నాయి, నేరుగా వేసేయండి" అన్నాడు. వేసేశాను. నాకూ క్వారంటైన్ ట్యాంకు ఉంది. అందులో చేపలకి బదులు పాత పంపులు, చిక్కుపడిన వైర్లు ఉంటాయి. నాలుగేళ్లుగా చేపలు పెంచుతున్నానని అందరికీ సలహాలు చెప్పే మేధావి ఇంటి పరిస్థితి ఇదీ.

ఇంటికి తెచ్చిన క్రోమిస్‌లు సాయంత్రానికల్లా నా వేవ్‌మేకర్ ముందు, అంటే అలలు పుట్టించే పంపు ముందు చేరాయి. మేత వేస్తే తల కూడా తిప్పలేదు. ఆక్సిజన్ తగ్గిందేమోనని గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టాను. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకి 8 మిల్లీగ్రాములు దాటి ఆక్సిజన్ కరుగుతుంది, సముద్రపు నీళ్లలో 7 లోపే. అందుకే ఉప్పునీళ్ల ట్యాంకులో ఊపిరి ఇబ్బంది తొందరగా బయటపడుతుంది. కానీ ఆక్సిజనే సమస్య అయితే నా పాత చేపలు కూడా పైకి రావాలి కదా? అవి తమ తమ చోట్లలో హాయిగానే ఉన్నాయి. అంటే లోపం నీళ్లలో లేదు, కొత్త చేపల మొప్పల్లో ఉంది. అది ఒప్పుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున రెండు క్రోమిస్‌లు పోయాయి.

ఆ రాత్రి లైట్లన్నీ ఆపి టార్చి వేసి చూశాను. ఇక్కడ అడ్డం పెట్టడానికి ఎవరి చెయ్యీ లేదు. ఒంటి మీద పుప్పొడి చల్లినట్టు సన్నటి బంగారు రంగు పొడి. ఇచ్ అనే తెల్ల మచ్చల జబ్బయితే ఉప్పు రేణువుల్లా తెల్లగా, లెక్కపెట్టగలిగేలా ఉంటుంది. ఇది లెక్కకి అందదు. వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు. ఒంటి మీద కనిపించేలోపే మొప్పల్ని తినేస్తుంది. ఊపిరి అందని చేప, ఎదురు నీళ్లు వాటంతటవే నోట్లోకి తోసుకొస్తాయని పంపు ముందుకొచ్చి నిలబడుతుంది. ఆయన చెప్పిన ఆట అదన్నమాట.

ఫోన్ చేశాను. మొదట "మీ నీళ్లు చెక్ చేసుకోండి" అన్నాడు. ఉప్పునీళ్ల సాంద్రత 1.025, అమ్మోనియా సున్నా, రెండూ సరిగ్గానే ఉన్నాయని చెప్పాను. "మీ దగ్గర చూసినప్పుడే అన్నీ పంపు ముందున్నాయి కదా" అంటే, వెటకారంగా ఒక నవ్వు.

"చేప ఎక్కడ నిలబడాలో దానిష్టం సార్. మీ ట్యాంకులో సీట్లేమైనా రిజర్వ్ చేశారా?" అని పెట్టేశాడు.

అవును స్వామీ, నా ట్యాంకులో సీట్లు ఉన్నాయి. ఎవరి ట్యాంకులోనైనా ఉంటాయి, ఓ నెల రోజులు కూర్చుని చూస్తే తెలుస్తుంది. నా క్లౌన్‌ఫిష్ జంటది ఎడమవైపు పై మూల. సముద్రంలో అవి దాక్కునే అనిమోన్ నా దగ్గర లేదు కాబట్టి ఆ మూలే వాటికి ఇల్లు. రాత్రి అక్కడే పక్కకి ఒరిగి నిద్రపోయేవి. కొత్తగా చూసినవాళ్లు చచ్చిపోయాయనుకునేవాళ్లు. రాయల్ గ్రామా అనే చేపది రాయి చూరు కింద, పొట్ట రాయి వైపు పెట్టి తలకిందులుగా. దానికి రాయి ఎటుంటే అదే నేల. వ్రాస్ అనే ఇంకో చేప లైట్లు ఆరగానే ఇసుకలో దూరేది, తెల్లారేదాకా అసలు కనిపించేది కాదు. చేపల ఒళ్లు శుభ్రం చేసే క్లీనర్ రొయ్య మధ్య బండ దగ్గర మీసాలు ఊపుతూ దుకాణం తెరిచేది, గ్రామా అప్పుడప్పుడూ వెళ్లి నోరు తెరుచుకుని నిలబడేది.

నాలుగేళ్లలో చూరు వదలని గ్రామా ఏడో రోజు బయటకొచ్చింది. మామూలుగా, నిటారుగా, వేవ్‌మేకర్ ముందు. అది చూడగానే నా కాళ్లు చల్లబడ్డాయి. వెల్వెట్ పరాన్నజీవి చేప మీద నుంచి రాలి అడుక్కి చేరి, ఒక్కోటీ చీలి చీలి 256 దాకా అవుతుంది. అవన్నీ ఈదుకుంటూ మళ్లీ చేపల కోసమే బయల్దేరతాయి. గబగబా వైర్లు తీసి పారేసి, క్వారంటైన్ ట్యాంకు నింపి, మిగిలినవాటిని పట్టి కాపర్ మందులో వేశాను. అసలు ట్యాంకులో కాపర్ వేస్తే రొయ్య, పగడాలు పోతాయి కదా. కానీ అప్పటికే ఆలస్యమైంది. గ్రామా ఎనిమిదో రోజు, వ్రాస్ ఆ రాత్రే. క్లౌన్‌లలో మగది తొమ్మిదో రోజు. ఆడది మొన్న. కొత్త ట్యాంకులోనూ అది ఎడమవైపు పై మూలకే వెళ్లి పడుకుంది.

ఇప్పుడు పెద్ద ట్యాంకులో రొయ్య ఒక్కటే ఉంది. వెల్వెట్ దాని జోలికి పోదు. రోజూ అదే బండ మీదకొచ్చి మీసాలు ఊపుతోంది, వచ్చే చేప లేదు. చేప దొరక్క వెల్వెట్ చచ్చేదాకా, ఆరు వారాలు చేప వేయకుండా అలాగే ఉంచాలి.

డబ్బు సంగతి వదిలేశాను. అడిగితే "ప్రాణం ఉన్న సరుకు, గ్యారంటీ ఉండదు" అని ముందే బోర్డు పెట్టుకున్నాడు. అడిగినా మళ్లీ నాకే క్లాసు పీకుతాడు.

కొనేముందు ఓ పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. తలోచోట ఉండాల్సిన చేపలు ఒకే చోట చేరాయంటే అనుమానించండి. మేత వేయమనండి. టార్చి పక్కనుంచి వేయండి. క్వారంటైన్ మీ ఇంట్లోనే చేసుకోండి, కనీసం నాలుగు వారాలు. అంతే, నేను పెద్ద చెప్పొచ్చాను.

ఇంకోటి. నిన్న సాయంత్రం ఆయన కొత్త సరుకు వచ్చిందని వీడియో పెట్టాడు. అదే ట్యాంకు. కింద "అలల్లో ఆడుకుంటున్న అందాలు" అని రాశాడు. ఓపిగ్గా రెండుసార్లు చూశాను. ఈసారి టాంగ్‌లు, పన్నెండు. అన్నీ కుడివైపు మూలనే.