బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాక ఇంజన్ వణుకు: నడిపి చూడాలా, స్కాన్ చేయించాలా?

బ్యాటరీ తీస్తే చాలా కార్లలో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) నేర్చుకున్న ఐడిల్ (బండి కదలకుండా ఇంజన్ తిరగడం), ఇంధన సర్దుబాట్లు చెరిగిపోతాయి. వణుకు అందుకే కావచ్చు.

ఖర్చు: నడిపితే ఇంధనమే. స్కాన్‌కి (స్కానర్ తగిలించి ఈసీయూలోని లోపాల కోడ్‌లు చదవడానికి) మెకానిక్ కూలీ.

శ్రమ: ఏది ఎంచుకున్నా ముందు ఇంజన్ ఆపి బ్యాటరీ టెర్మినళ్లు (వైర్లు బిగించే కొనలు) కదిపి చూడండి, నా అనుమానం ఎప్పుడూ మొదట వాటి మీదే. బిగువుగా ఉంటే, ఏసీ ఆపి ఇంజన్ వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచి, తర్వాత మామూలుగా నడపాలి. కొన్ని మోడళ్లలో థ్రాటిల్ రీలెర్న్‌కి (ఇంజన్‌లోకి గాలి వదిలే కవాటం స్థానాన్ని ఈసీయూకి మళ్లీ నేర్పడానికి) స్కానర్ తప్పదు.

రిస్క్: నడిపితే రద్దీలో ఆగిపోవచ్చు. స్కాన్‌లో పాత కోడ్‌లు కనపడకపోవచ్చు, అవీ చెరిగాయిగా!

కొద్దిపాటి వణుకైతే ఒకట్రెండు రోజులు నడపండి. చెక్ ఇంజన్ లైటు మిణుకుమంటే మాత్రం బండి ఆపి స్కాన్‌కే వెళ్లండి: మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం) పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేయొచ్చు.