ములుగు రోడ్డులో బోర్డు లేని లేత్ షాపు

వరంగల్ ములుగు రోడ్డులో ట్రాక్టర్ షాఫ్టులు, బోరు మోటారు బుష్‌లు చేసే షాపు ఇది. నేను బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. బతుకమ్మ సెలవులకు ఇంటికొచ్చి, శాంపిళ్లను విపరీతంగా చల్లబరిచే మా క్రయోస్టాట్‌కు కావాల్సిన రాగి హోల్డర్ ఇక్కడే చేయించాను.

దాని మీద కూర్చునేది 5 మిల్లీమీటర్ల గాలియం ఆర్సెనైడ్ చిప్. చిప్ మీద 2 మైక్రాన్ల వెడల్పు స్తంభాలుంటాయి. ఒక్కో దాంట్లో కిందా పైనా అద్దాల పొరలు, మధ్యలో ఇండియం ఆర్సెనైడ్ క్వాంటం డాట్, అంటే ఫోటాన్లను (కాంతి రేణువులను) ఒక్కొక్కటిగా వదిలే నానో చుక్క. ఆ అద్దాల గూడే కావిటీ. అందులో ఉన్న డాట్ ఫోటాన్‌ను తొందరగా వదులుతుంది. భౌతిక శాస్త్రవేత్త పర్సెల్ 1946లోనే చెప్పిన సంగతే. క్వాంటం నెట్‌వర్కులో దూరదూరంగా ఉన్న డాట్‌లను కలపాలంటే వాటి ఫోటాన్లు అచ్చం ఒకేలా ఉండాలి. వేడిలో అవి అలా ఉండవు, అందుకే 4 కెల్విన్ (మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) చలి. హోల్డర్ ముఖం సమంగా లేకపోతే ఆ చలి చిప్‌కు సరిగ్గా అందదు.

"గింత ముక్కకు గంత టెన్షనెందుకు బిడ్డా?" అన్నారు ఓనర్. కానీ పని మాత్రం ఆషామాషీగా చేయలేదు. రాగి టూల్‌కు అంటుకుంటుందని కిరోసిన్ చుక్కలు వేస్తూ కోశారు. ముఖానికి మార్కింగ్ బ్లూ అనే నీలి రంగు పూసి, ఎత్తుపల్లాల్లేని సర్ఫేస్ ప్లేటు మీద రుద్ది, రంగు చెదిరిన చోటల్లా గీకారు. అలా నాలుగుసార్లు.

డాట్ వదిలే కాంతి రంగు, కావిటీలో నిలిచే కాంతి రంగు మొదట కలవవని, కొద్దిగా వేడి చేస్తే డాట్ రంగు తొందరగా జరిగి కావిటీని అందుకుంటుందని చెప్పాను. "బేరింగు గంతే గదా, వేడి చేస్తేనే షాఫ్టుకెక్కుతది" అన్నారు. మా ల్యాబ్‌లో జూనియర్లకు ఇదే చెప్పడానికి నాకు అరగంట పడుతుంది.

ఇక గొడవలు. రెండు రోజులన్న పని ఆరు రోజులైంది, ఫోన్ ఎత్తరు. 2 మిల్లీమీటర్ల స్క్రూకు మరలు కోసే ఎం2 ట్యాప్ రంధ్రంలోనే విరిగి మొదటి ముక్క పోయింది. రెండోదానికి రాగి ఆయనే పెట్టుకున్నారు, మొత్తం 900 తీసుకున్నారు. స్క్రూ రంధ్రాల అడుగు మూసే ఉంది. వాక్యూమ్‌లో అక్కడ చిక్కిన గాలి రోజుల తరబడి కారుతుంది. అది నా డ్రాయింగ్ తప్పే. అడిగితే అప్పటికప్పుడు చిన్న గాలిదారి వేసిచ్చారు.

వెళ్లేవాళ్లు డ్రాయింగ్ కాగితం మీద తీసుకెళ్లండి, వాట్సాప్ చూడరు. పోయిన వారం 23 కెల్విన్ దగ్గర డాట్ గీత, కావిటీ గీత ఒకదాని మీదికొకటి వచ్చాయి. ఆ గ్రాఫ్ ఆయనకు పంపాను. నీలి టిక్కులు ఇంకా పడలేదు.