ఆసుల జోడీ పట్టుకుని ఓడిపోవడం: ఒక పోకర్ యాప్‌పై సమీక్ష

ముందే చెప్పేస్తున్నా, ఇది ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే యాప్. డబ్బు పెట్టి ఆన్‌లైన్ పేకాట ఆడటం తెలంగాణలో 2017 నుంచే నిషేధం. 2025లో కేంద్రం చట్టం తెచ్చాక దేశమంతా అంతే. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేదాకా చాలాకాలంగా నాకిదే కాలక్షేపం.

మా ఆఫీసులో ఈ ఆట ఆడేవాళ్లందరిదీ ఒకటే గోల: "ముక్కలు కావాలనే అట్ల వేస్తుంది భయ్యా!" కోపం రావడంలో తప్పు లేదు. చేతికొచ్చే రెండు ముక్కలూ ఆసులే అయ్యే జోడీ సగటున 221 ఆటలకు ఒకసారి పడుతుంది. అంత అపురూపంగా పడ్డప్పుడు ఎవడో ఏడూ రెండూ పట్టుకుని వస్తాడు. అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే ముక్కల్లో మొదట ఏడు తగులుతుంది, ఆఖరి ముక్కకి రెండు తగులుతుంది, రెండు జోడీలతో చిప్స్ అన్నీ ఊడ్చుకుపోతాడు. ఒళ్లు మండదా మరి?

కానీ లెక్క చూడండి. ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి దగ్గర రాజుల జోడీ ఉన్నా, ఆసులు గెలిచేది దాదాపు 82 శాతమే. అంటే అయిదారుసార్లకు ఒకసారి ఓడాల్సిందే. ఇక ఇక్కడ చిప్స్ ఉచితం కాబట్టి ఎవడూ ఫోల్డ్ చెయ్యడు, అంటే ముక్కలు పడేసి తప్పుకోడు. ఏవో ముక్కలతో అయిదుగురు చివరిదాకా వచ్చారంటే మన ఆసులు గెలిచేది సగంసార్లే. పైగా కలపడం, పంచడం క్షణంలో అయిపోతాయి. ఇంట్లో పండక్కి కూర్చుని ఆడేదానికి రెట్టింపు ఆటలు గంటలో తెగిపోతాయి, దెబ్బలూ అంతే జోరుగా తగులుతాయి. చిప్స్ ఎక్కువ పెట్టాల్సిన టేబుల్‌కి మారాక నాకీ తలనొప్పి కొంత తగ్గింది. అక్కడ పందెం గట్టిగా పెంచితే కొందరైనా తప్పుకుంటారు.

యాప్ మీద నా అసలు కోపం వేరే. పెద్ద ఆట పోయిన మరుక్షణం చిప్స్ కొనుక్కోమని ఆఫర్ తెర నిండా పరుచుకుంటుంది. మూసే గుర్తు వెతుక్కోవాలి. కొన్న చిప్స్ మళ్లీ రూపాయలు కావు, గెలిచినా సరే. మనిషి ఉడికిపోతున్నప్పుడు జేబు వైపు చెయ్యి చాపడం చవకబారు పని. రెండోది, పాత ఆటల రికార్డు ఎక్కడా దొరకదు. అది చూపిస్తే మోసం జరిగిందో లేదో ఎవరి లెక్క వాళ్లే వేసుకుంటారు కదా!

అయిదుకి మూడు. రికార్డు పెడితే నాలుగు ఇస్తా.