బిజినెస్ పార్కులోని సంగీత పాఠశాల: రెండేళ్ల అనుభవం, తేలని అనుమతి

మా అమ్మాయి రెండేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పాఠశాల కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున ఉన్న మా ఊరి బిజినెస్ పార్కులో ఉంది. ఒక పక్క ఎలక్ట్రానిక్ పరికరాలు బిగించే సంస్థ, మరో పక్క సరుకు నిల్వచేసే గిడ్డంగి, వాటి నడుమ ఈ పాఠశాలకు ఐదు గదులు. అక్కడ తరగతులు నడపడానికి కావలసిన యూజ్ పర్మిట్ (ఆ స్థలాన్ని ఆ పనికి వాడుకోవడానికి నగరం ఇచ్చే అనుమతి) లేదని పొరుగు సంస్థలవారు ఫిర్యాదు చేయడంతో విషయం అలాంటి అనుమతులను తేల్చే నగర ప్లానింగ్ కమిషన్ ముందుకు వచ్చింది. దరఖాస్తు ఇంకా తేలలేదు కనుక పాఠశాల పేరు గానీ, ఊరి పేరు గానీ రాయడం లేదు. అయితే ఇలాంటి పార్కుల్లో సంగీతానికో, నాట్యానికో పిల్లలను పంపే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి, చదువు ఎలా ఉందో, చోటు ఎలా ఉందో రెండూ చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

ముందు చదువు సంగతి. గురువుగారికి తొందర లేదు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే మొదటి స్వర పాఠాలు, మూడు కాలాల్లోనూ (వేగాల్లోనూ) తాళం తప్పకుండా పాడేదాకా తరువాతి పాఠాలైన జంట వరుసలకు వెళ్లనివ్వరు. మా అమ్మాయికి ఆ ఒక్క మెట్టు దాటడానికి ఐదు నెలలు పట్టింది. మొదట్లో నాకు అసహనంగా ఉండేది. ఇప్పుడు గీతాలు దాటి వాటి పై మెట్టయిన స్వరజతికి వచ్చాక, శ్రుతి పెట్టె ఆపేసినా పిల్ల ఆధార షడ్జమం (పాటకు ఆధారమైన ‘స’) వదలకుండా నిలబడుతుంటే ఆ ఐదు నెలల విలువ తెలుస్తోంది. నేను అన్నింటికంటే గొప్పగా చెప్పుకొనేది సాహిత్యం నేర్పే పద్ధతి. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటారు. అందులో ల, ళ ఒకటైపోతాయి, ణ కాస్తా న అవుతుంది, ఒత్తులు మాయమవుతాయి. గురువుగారు ముందు సాహిత్యాన్ని మామూలు మాటలాగా పలికించి, పదాలు ఎక్కడ విరవాలో చూపి, అర్థం చెప్పి, ఆ తరువాతే స్వరంలోకి తెస్తారు. త్యాగరాజు తెలుగు మా ఇంట్లో మళ్లీ తెలుగులాగా వినిపించడానికి కారణం ఈ పాఠశాలే.

గదుల విషయంలో మాత్రం లోపం ఉంది. ఈ భవనాలను కార్యాలయాల కోసం కట్టారు. లోపలి అడ్డుగోడలు ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోతాయి, పైకప్పు దాకా వెళ్లవు. ఆ ఖాళీలోంచి పక్క గది మృదంగం పూర్తిగా వినిపిస్తుంది. మా పిల్లలు ఐదున్నర శ్రుతిలో పాడుతుంటే అవతల పెద్దవారి తరగతి ఒకటిన్నరలో, అంటే వేరే ఆధార స్వరంతో, సాగుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు ఇది నిజమైన ఇబ్బంది. అద్దె ఇల్లయినా, అద్దె గదయినా గోడలను పైకప్పు దాకా పెంచాలంటే యజమాని ఒప్పుకోవాలి, ఖర్చు పెట్టాలి. అనుమతే అనిశ్చితంగా ఉన్నప్పుడు ఆ ఖర్చు ఎవరు పెడతారు? వివాదం తరగతి గదిలోకి వచ్చింది ఈ దారినే.

ఇక వివాదం. ఏ భూమిని దేనికి వాడాలో నగరమే విభజించి నిర్ణయించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1926లో యూక్లిడ్ గ్రామం కేసులో అంగీకరించింది. మంచి వస్తువైనా తగని చోట ఉంటే బెడదే అవుతుందని చెబుతూ ఆ తీర్పు, పశువుల దొడ్డిలో ఉండవలసిన పంది నడింట్లో ఉండటాన్ని ఉదాహరణగా చూపింది. సంగీత పాఠశాల మంచిదా కాదా అని ఇక్కడ ఎవరూ అడగడం లేదు; ఆ చోటికి తగునా లేదా అన్నదే ప్రశ్న. మా తల్లిదండ్రుల్లో కొందరు దీనిని మన సంస్కృతిపై దాడిగా మాట్లాడుతున్నారు. అది సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఫిర్యాదులో న్యాయమైన అంశాలు రెండున్నాయి. ఒకటి, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు ఉద్యోగుల కార్లు, మన కార్లు ఒకేసారి ఉండటం. రెండు, గిడ్డంగి వెనుక లారీలు వెనక్కి వచ్చే దారిలో చిన్నపిల్లలు నడవడం. ఈ రెండో దానిని నేను స్వయంగా చూశాను, భయపడ్డాను.

అయినా ఈ చోటు తగదని మాత్రం నేను ఒప్పుకోను. ఆరు తరువాత, శని ఆదివారాల్లో ఆ పార్కింగ్ అంతా ఖాళీగా ఉంటుంది. చుట్టూ ఇళ్లు లేవు కనుక మృదంగం ఎవరి నిద్రనూ చెడగొట్టదు. ఇంట్లో క్లాసు నడిపితే వీధిలో కార్ల గొడవ, షాపింగ్ సెంటర్‌లో అయితే మోయలేని అద్దె. షరతులతో అనుమతి ఇవ్వడానికి ఇంతకంటే సరిపోయే సందర్భం ఉండదు: తరగతి వేళలు, ఒక్కసారి ఉండగల విద్యార్థుల సంఖ్య, పిల్లలను దించే చోటు నిర్ణయిస్తే చాలు.

పాఠశాల యాజమాన్యం తప్పు కూడా చెప్పాలి. లీజు సంతకానికి ముందే నగర ప్రణాళికా విభాగాన్ని అడిగి ఉండవలసింది. వ్యాపార లైసెన్సు ఉంది కదా అనుకున్నారట. కానీ వ్యాపార లైసెన్సు వేరు, ఆ స్థలంలో ఆ పని చేయడానికి అనుమతి వేరు, అగ్నిమాపక నియమాల తనిఖీ వేరు. మాకు కూడా విషయం తలుపుకు అంటించిన నోటీసు చూశాకే తెలిసింది. రాష్ట్ర చట్టం ప్రకారం బహిరంగ విచారణకు కనీసం 10 రోజుల ముందు, 300 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులకు నోటీసు పంపాలి. ఫీజు కట్టే తల్లిదండ్రులు ఆ జాబితాలో ఉండరు. కాబట్టి ఇలాంటి చోట కొత్తగా చేరేవారు యూజ్ పర్మిట్ ఉందా అని అడిగి, తేలేవరకు ఏడాది ఫీజు ఒకేసారి కట్టకుండా నెలనెలా కట్టడం మేలు.

మేము పాఠశాల మారడం లేదు. గురువుగారిని అడిగితే తరగతికీ తరగతికీ మధ్య పదిహేను నిమిషాల విరామం పెట్టారు, చిన్నపిల్లల క్లాసులను ఆరు తరువాతకు, శనివారం ఉదయానికి మార్చారు. పిల్లలు ఇప్పుడు ముందు తలుపు నుంచే వెళ్తున్నారు. లారీల దారి వైపు తలుపు లోపలి నుంచి అత్యవసరానికి మాత్రమే తెరుచుకుంటుంది. నేను కమిషన్‌కు రాసిన ఉత్తరంలో ఈ మార్పులను, వాటి తరువాత వరుసగా మూడు వారాలు సాయంత్రం ఐదింటికి నేను లెక్కపెట్టిన ఖాళీ పార్కింగ్ స్థలాలను తేదీలతో సహా చేర్చాను.