ఇంటికే వచ్చి నేర్పే శిశు శిక్షణ: రెండేళ్లు దాటాక నా అభిప్రాయం

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా బాబు నెలలు నిండకుండా పుట్టాడు. ఆరు నెలలు వచ్చినా మెడ నిలపలేదు, కాళ్లు బిగుసుకుని కత్తెరలా ముడుచుకునేవి. మగపిల్లలు నిదానంగానే లేస్తారని ఊరంతా అన్నారు. 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూడాలన్న నియమం 2018లో వచ్చింది. ఆ ఆరో నెల సందర్శనలోనే ఆమెకు అనుమానం వచ్చి మమ్మల్ని అనంతపురం పంపింది. అక్కడి ఆసుపత్రిలో సెరిబ్రల్ పాల్సీ అన్నారు, అంటే మెదడు దెబ్బతిని కండరాల కదలిక పట్టు తప్పడం. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి రమ్మన్నారు. వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది. అంతదూరం బస్సులో వెళ్లి దిగేసరికి బిడ్డ వడలిపోయి ఏడుపు అందుకుంటాడు, ఇక వ్యాయామం సాగదు.

అందుకే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ నడిపే ఇంటి శిక్షణలో చేరాం. ఇలా గడప దాకా వచ్చే సేవ మా జిల్లాకు కొత్త కాదు, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వికలాంగుల కోసం ఏళ్లుగా పల్లెల్లోనే పనిచేస్తోంది. తల్లిదండ్రులకు ఇంట్లోనే నేర్పే పద్ధతి 1969లో అమెరికాలోని పోర్టేజ్ అనే ఊళ్లో మొదలైందని, అక్కడి పేరుతోనే చాలా దేశాలకు పాకిందని మా ఇంటికి వచ్చే సంస్థ కార్యకర్త చెప్పింది.

మొదటిరోజు ఆమె బాబును ముట్టుకోలేదు. మా అత్త నీళ్లు పోస్తుంటే పక్కన కూర్చుని చూసింది. అత్త కాళ్లు చాపి, బాబును వాటి మీద బోర్లా పడుకోబెట్టి వీపు రుద్దుతోంది. "అమ్మా, ఇదే మంచి వ్యాయామం, రోజూ చేసేదే. కాస్త మోకాళ్లు ఎత్తండి చాలు," అంది కార్యకర్త. తర్వాత మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బాలో నాలుగు వేరుశనగ కాయలు వేసి బాబు ముఖం ఎదుట కదిలించింది. వాడు తల ఎత్తడానికి పెనుగులాడాడు, ఒక్క క్షణం ఎత్తాడు కూడా. అప్పటిదాకా నూనె మర్దనా మానేయమంటారేమోనని ముఖం ముడుచుకుని ఉన్న అత్త, ఆ రోజు నుంచి నాకంటే పట్టుదలగా చేయించింది. చంకన ఎత్తుకునేటప్పుడు కాళ్లు రెండు వైపులకూ వచ్చేలా కూర్చోబెట్టమని కూడా కార్యకర్తే నేర్పింది. బిగుసుకునే కాళ్లకు అది రోజంతా సాగే చికిత్స. కార్యకర్త వచ్చేది పదిహేను రోజులకోసారి, మేం ఎత్తుకునేది రోజుకు ఎన్నోసార్లు. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

నెలలు నిండని పిల్లల వయసును పుట్టిన రోజు నుంచి కాకుండా కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించాలని, రెండేళ్ల వరకు అలాగే చూడాలని తెలిశాక పక్కింటి పిల్లలతో పోల్చి కుమిలిపోవడం తగ్గింది.

లోపాలూ ఉన్నాయి. మధ్యలో కార్యకర్త మారింది. కొత్తగా వచ్చిన అమ్మాయి పాత దస్త్రం చూడకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పింది, రెండు నెలలు వృథా అయ్యాయి. మాటలకు సంబంధించిన శిక్షణ పేరుకే ఉంది. వీడియో కాల్‌లో నేర్పిస్తామంటారు, మా ఊళ్లో సిగ్నల్ నిలవదు. ముఖ్యంగా, ఇంటి శిక్షణ ఆసుపత్రికి బదులు కాదు. వినికిడికి బెరా పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను యంత్రంతో కొలిచేది), నెలలు తక్కువ పిల్లలకు పుట్టిన నెలలోపే కంటి రెటీనా పరీక్ష ఎవరూ ఇంట్లో చేయలేరు. మూర్ఛ వస్తే వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. చేరబోయేవారు ఫిజియోథెరపిస్టు స్వయంగా ఎన్నాళ్లకోసారి వచ్చి చూస్తారో ముందే అడగండి. వికలాంగ ధ్రువపత్రం రాగానే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా నిరామయకు దరఖాస్తు చేయండి, ఏడాదికి లక్ష రూపాయల వరకు వచ్చే ఆ బీమాలో థెరపీ ఖర్చులూ ఉంటాయి.

ఇప్పుడు బాబు ఆసరా లేకుండా కూర్చుంటాడు, మంచం పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మాటలు ఇంకా మూడో నాలుగో. నాకైతే ఈ శిక్షణ దొరకడం అదృష్టమే, సందేహం లేదు. కానీ మూడేళ్లు నిండితే పేరు తీసేస్తారట. అంగన్‌వాడీలో వాడిని ఎలా కూర్చోబెట్టాలో టీచరుకు ఒక్కసారి వచ్చి చూపించి వెళ్లమని సంస్థవాళ్లను అడిగాను. ఇంకా ఏ మాటా చెప్పలేదు, వచ్చే సందర్శనలో మళ్లీ అడుగుతాను.